చక్రాల మీద చెట్లు

పెద్ద బజారులో చెట్లు కొట్టించిన వారానికి ఆమె పేరు మారిపోయింది. అంతకు ముందు ఊరంతటికీ ఆమె చెట్లమ్మ. ఉద్యానాధికారి అన్న హోదా పురపాలక కార్యాలయంలో ఆమె గది తలుపు మీద రాసి ఉండేది గాని, దాన్ని చదవవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ఇప్పుడు ఆమె బజారులో నడిచి వెళుతుంటే మందుల షాపాయన, ఆమె చెవిన పడేటట్టే, టైలరుతో అంటున్నాడు: "గొడ్డలమ్మ వస్తోంది. నీ కుర్చీ కాళ్ళు జాగ్రత్త."

కొట్టించక తప్పింది కాదు. అవన్నీ ఒకే రకం చెట్లు, ఒకే వయసువి, బజారుకు రెండు వైపులా వరస తప్పకుండా నాటినవి. ఒకదాని మొదట్లో పుట్టిన కుళ్ళు, వేళ్ళూ వేళ్ళూ కలిసిన చోటల్లా పక్కదానికి పాకింది. పైన పచ్చగా నవ్వుతూనే లోపల అన్నీ డొల్లలయ్యాయి. ఒక గాలివానకు పెద్ద కొమ్మ విరిగి, ఆగి ఉన్న పాల వ్యాను మీద పడింది. అదృష్టవశాత్తూ వ్యానులో పాలే ఉన్నాయి. మర్నాడు ఆమె ప్రతి మానునూ సుత్తితో తట్టి, చెవి ఆనించి విన్నది. డప్పులా మోగని చెట్టు లేదు.

మంచి పని చేశానన్న నమ్మకమూ, నలుగురికీ నచ్చిన పని చేశానన్న తృప్తీ ఒకటి కావు. మొదటిది ఆమెకు ఉంది. రెండోది లేని లోటు ఎంత పెద్దదో, బోడిగా మిగిలిన బజారులో ఎండ నెత్తిన పడ్డప్పుడు తెలిసింది. ఆ ఎండలోనే, నడిబజారులో నిలబడి, "వానలు మొదలయ్యే లోపు మళ్ళీ చెట్లు నాటిస్తాను" అని నోరు జారింది. జారిన మాటను ఊరు గట్టిగా పట్టుకుంది.

పురపాలక సంఘం చైర్మన్ ఆమె మాట విని నిట్టూర్చాడు. "నాటించమ్మా, నేనేమన్నా వద్దన్నానా. కాని షాపుల వాళ్ళంతా సరేనంటేనే గుంతలు తవ్విస్తా. ఒక్కళ్ళు కాదన్నా ఆ చోటంతా సిమెంటు పలకలు పరిపించేస్తా. వాళ్ళతో నేను పడలేను. పలకలైతే ఆకులు రాలవు, ఎవరూ పోట్లాడరు."

పలకలు అప్పటికే బజారు చివర పేర్చి ఉన్నాయి.

చెట్టు వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు. చిక్కంతా అక్కడే ఉంది. అందరికీ చెట్టు కావాలి, పక్క షాపు ముందు. మందుల షాపాయనకు ఆకులు రాలితే చిరాకు. టైలరుకు చీకటైతే సూదిలో దారం ఎక్కదు. ఇక అందరికంటే గట్టిగా కాదన్నది ఎవరో కాదు, ఆమె సొంత అక్క. బజారు నడిమధ్యన కళ్ళద్దాల షాపు అక్కది. గుమ్మం పైన తలుపంత వెడల్పున రేకుతో చేసిన నీలం కళ్ళద్దాలు ఊరికి ఆ చివర నుంచి కూడా కనబడతాయి.

మధ్యాహ్నం పూట ఆమె భోజనం ఆ షాపు వెనక గదిలోనే. అక్కడ బావ అద్దాలు అరగదీస్తుంటాడు. తిరిగే రాయి మీద సన్నగా నీటి ధార పడుతుంటుంది. గోడ పొడుగునా ఫ్రేములు వేలాడుతుంటాయి. కంటికి ఆనని మరమేకులు కింద ఒక మూత నిండా ఉంటాయి. ఆ మూతను తన్నకుండా కాళ్ళు ముడుచుకుని తినడం ఆమెకు ఏళ్ళ నాటి అలవాటు.

"మా షాపుకి వచ్చేదెవరే?" అంది అక్క, ఆమె పళ్ళెంలో కూర వడ్డిస్తూ. "చూపు ఆనని వాళ్ళు. వాళ్ళకి బోర్డు కనపడకుండా చెట్టు పెడితే ఇంక నేను తాళం వేసుకోవాలి."

"కొమ్మలు పైకి పెరిగేదాకానే అక్కా. తర్వాత బోర్డు కిందుగానే కనిపిస్తుంది."

"అప్పటికి నాకే చూపు పోతుంది. అసలు నీ కళ్ళు ఎప్పుడు చూపించుకుంటావు? ఎదురుగా వచ్చే మనిషిని నడకని బట్టి పోల్చుకుంటున్నావు. మొన్న సందులో చైర్మన్ అనుకుని పోస్టుమానుకి దణ్ణం పెట్టావట."

"పోస్టుమాను ఎంత సంతోషించాడో తెలుసా," అన్నాడు బావ రాయి మీద నుంచి తల ఎత్తకుండా. "రోజూ ఆ సందులోంచే వస్తున్నాడు పాపం."

"బావా, నువ్వు కూడానా."

"నేనేమన్నాను మరదలు పిల్లా. నీ కళ్ళకేం, బంగారం లాంటి కళ్ళు. కాస్త దూరంగా ఉన్నవి కనపడవంతే."

ఆమె మాట మార్చింది. ఆకు చేతిలోకి తీసుకుంటే ఈనె ఈనే ఆమెకు కనిపిస్తుంది. బెరడు తడిమితే చెట్టు వయసు చెబుతుంది. దూరాన ఉన్న చెట్టు పచ్చటి మేఘం మాత్రమే అయినా, అందరికీ అంతేననుకుంది చాలాకాలం. అంతే కాదని తెలిశాక ఒప్పుకోవడానికి సిగ్గుపడింది. చెట్లు చూడడమే ఉద్యోగమైన మనిషి, చూపు లేదని ఎవరితో చెప్పుకుంటుంది?

చెట్టు గురించి అభిప్రాయం అడిగితే మనుషులు అభిప్రాయమే చెబుతారు. దానితో కొన్నాళ్ళు కాపురం చేస్తే నిజం చెబుతారు. ఈ ఆలోచన ఆమెకు ఆ వెనక గదిలోనే, చెయ్యి కడుక్కుంటుండగా వచ్చింది. పురపాలక షెడ్డులోని వెల్డరు చేత పాత డ్రమ్ములు సగానికి కోయించి, అడుగున చక్రాలు పెట్టించింది. ఒక్కో తొట్టిలో ఒక్కో రకం మొక్క, మనిషి ఎత్తుకు మించినది, నాటించింది. షాపుకొకటి చొప్పున నిలబెట్టి, "వీటితో కొన్నాళ్ళు ఉండండి. ఎండను బట్టి అటూ ఇటూ జరుపుకోండి. ఏది బాగుందో మీరే చెప్పండి" అంది.

శాస్త్రీయ నామాలు చీటీల మీద రాసి కట్టింది. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. బజారు తన పేర్లు తాను పెట్టుకుంది. వెడల్పాటి ఆకులది గొడుగు. ఒంటినిండా పూలు పూసేది పెళ్ళికూతురు. నీడ అన్నది ఇవ్వకుండా నిటారుగా నిలబడేది పెద్దమనిషి. సన్నటి ఆకులు ఈనెకు రెండు వైపులా పళ్ళలా ఉన్నది దువ్వెన. ఆమె మనసు గొడుగు మీద ఉంది. దువ్వెనను వరస నిండడానికి తెచ్చింది.

మొదటి రోజుల్లో తల ప్రాణం తోకకొచ్చింది. జరుపుకోండి అన్న మాటను బజారు తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. మందుల షాపాయన తన తొట్టిని టైలరు ముందుకు తోసేవాడు. టైలరు దాన్ని చెప్పుల షాపు ముందుకు తోసేవాడు. పొద్దున్నే ఆమె చెట్లను వెతుక్కుంటూ, తప్పిపోయిన దూడల కోసం తిరిగినట్టు తిరిగేది. ఒకసారి పెద్దమనిషి బస్టాండు దాకా వెళ్ళిపోయాడు. అక్కడ ఆయన వెనక నలుగురు మనుషులు వరసలో నిలబడి ఉన్నారు. ముందున్నది చెట్టు అని వాళ్ళకు తెలుసు. అయినా వరస తప్పడం బాగుండదని ఊరుకున్నారు.

ఎండలు ముదిరాయి. చెట్లు కదలడం ఆగలేదు. సాయంత్రం ఒకచోట చూసినది పొద్దున మరోచోట. ఆమె ప్రతిసారీ వాటిని మొదటి చోటికి తోయించింది. మర్నాటికి మళ్ళీ మామూలే. అంత ఎండలో కూడా ఒక్క చెట్టుకు ఒక్క గుమ్మం ముందు చోటు లేదా అనుకుంది. దానికి తోడు నవ్వు కూడాను; తను వస్తుంటే ఏదో దాచుకున్నవాళ్ళలా మొహాలు తిప్పుకుంటున్నారు. మాట ఇచ్చిన మనిషికి ఎదుటివాళ్ళ నవ్వు ఎప్పుడూ తన మీదిదిగానే వినిపిస్తుంది.

చివరికి ఆమెకు రోషం వచ్చింది. వెల్డరును వెంటబెట్టుకుని బజారుకు వచ్చింది. "అన్నిటికీ చక్రాలు కోసెయ్యి. ఎక్కడివి అక్కడే ఉండాలి."

"నేనే పెట్టాను, నేనే కొయ్యాలి," అన్నాడు వెల్డరు. "కానివ్వండి. ముందు టీ తాగొస్తాను."

అతను టీ తాగేలోపు ఆమె తొట్లన్నీ చూసుకుంది. దువ్వెన లేదు.

"నిన్న సాయంత్రం నా దగ్గరే ఉందమ్మా," అన్నాడు మందుల షాపాయన, ముందుగానే.

"నీ దగ్గరెక్కడుంది? చీకటి పడేటప్పుడు నా గుమ్మంలో ఉంది," అన్నాడు టైలరు, మెడలో టేపు సర్దుకుంటూ.

"నీ గుమ్మంలోకి ఎలా వచ్చింది మరి? కాళ్ళున్నాయా దానికి?"

"చక్రాలున్నాయిగా."

ఇద్దరూ తప్పించుకుంటున్నారనే అనుకుంది ఆమె. "బాగుంది. పారేసిన వాళ్ళే పోట్లాడుతున్నారు," అని విసురుగా అక్క షాపులోకి నడిచింది. ఎండకు కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ముందు గదిలో ఎవరూ లేరు. పరీక్ష గది పరదా వేసి ఉంది. లోపల నుంచి అక్క గొంతు వినిపించింది.

"ఇప్పుడు చూడండి. ఆకులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా?"

"విడివిడిగానే ఉన్నాయమ్మా," అంది ఎవరో పెద్దావిడ. "ఒక రెమ్మ మీద గండుచీమ కూడా పోతోంది."

"మరి ఈ అద్దంతో?"

"చీమ పోయింది."

"అయితే ముందుదే మీది."

చెట్లమ్మ పరదా పక్కకు లాగింది. పరీక్ష కుర్చీకి ఎదురుగా వెనక తలుపు బార్లా తీసి ఉంది. దానికి అవతల పెరడు చివర, గోడ వారగా, దువ్వెన. దాని తొట్టి చుట్టూ నేల తడిగా ఉంది. అప్పుడే ఎవరో నీళ్ళు పోశారు.

అక్క నీళ్ళు నమిలింది. అలాంటి దృశ్యం చెల్లెలు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఎండకి వాడిపోతోందని లోపల పెట్టానే," అంది చివరికి.

పెద్దావిడను పంపించి వెనక్కి వచ్చేసరికి అక్క గొంతు మళ్ళీ దాని చోటికి వచ్చేసింది. "ఏమిటా చూపు? అవును, తెచ్చుకున్నాను. ఆ అక్షరాల పలక ఊరంతటికీ బట్టీ వచ్చేసింది. చూపున్నా లేకపోయినా గడగడా అప్పజెబుతున్నారు. ఆకుల్ని బట్టీ పట్టలేరు కదా."

"చెట్టు వద్దని నువ్వే గదా అక్కా..."

"వద్దనే అన్నాను. ఇప్పుడూ సరే అనలేదు. సరే అనాలంటే ఒక షరతు." అక్క కుర్చీ మీద చేత్తో తట్టింది. "ఎక్కు."

చెట్లమ్మ బావ వంక చూసింది. బావ రాయి ఆపి, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. ఆ రాయి ఆగడం కూడా ఆమె ఎప్పుడూ చూడలేదు. తప్పించుకునే దారి కనబడలేదు. ఎక్కింది.

ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము కూర్చుంది. అక్క ఒక్కో అద్దం వేసి తీస్తోంది. పెరటి చివర పచ్చటి మేఘం కాసేపు వణికింది, కాసేపు పలచబడింది. ఇంకొక అద్దం టక్కుమని పడింది.

మేఘం లేదు. అక్కడ ఆకులున్నాయి. ఒక్కొక్కటీ తన అంచుతో, తన నీడతో, పక్కదాన్ని తాకకుండా ఉంది. గాలి వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారి కదలడం లేదు. ఒకదాని తరవాత ఒకటి, మాట అందించుకుంటున్నట్టు కదులుతున్నాయి. కింద నేల మీద నీడ కూడా ముద్దగా లేదు. చిన్న చిన్న వెలుగు చుక్కలతో, చిల్లుల జల్లెడలా ఉంది. ఆ చెట్టు వెనక గోడ మీద బావ ఎప్పుడో సుద్దముక్కతో వేసిన లెక్క కూడా కొమ్మల సందుల్లోంచి చదవగలిగింది.

నీడ అంటే వెలుగు లేకపోవడం అని ఇన్నాళ్ళూ అనుకుంది ఆమె. అందుకే గొడుగును ఎంచుకుంది. వెలుగును వడగట్టి ఇచ్చే నీడ ఉంటుందని పుస్తకంలో చదివింది, ఇతరులకు చెప్పింది, ఇప్పటిదాకా చూడలేదు.

"ఏమే, మాట్లాడవు?"

"కూడిక తప్పు, బావా," అంది గోడ చూపిస్తూ.

బావ పెద్దగా నవ్వాడు. అక్క కళ్ళు కొంగుతో ఒత్తుకుని, అద్దాల మీద దుమ్ము అన్నట్టుగా అద్దాలు తుడిచింది.

ఆ ఫ్రేముతోనే ఆమె కుర్చీని వీధి వైపు తిప్పింది. ముందు తలుపులోంచి ఎదుటి వరస కనిపించింది. మనుషుల మొహాలు, మొహాల మీద కళ్ళు, అన్నీ. టైలరు ఇటూ అటూ చూసి, పక్క షాపు ముందున్న గొడుగును మెల్లగా తన గుమ్మంలోకి లాక్కుంటున్నాడు. ఇంతలో మందుల షాపాయన పరుగున రోడ్డు దాటి దాని రెండో అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ నోరు మెదపకుండా గుంజుకుంటున్నారు. చెప్పుల షాపావిడ తన పెళ్ళికూతురికి మిగిలిన మంచినీళ్ళు పోసి, చక్రం కింద రాయి దోపి, రాయి కనబడకుండా చెప్పుల పెట్టె అడ్డం పెట్టింది.

"వాళ్ళు తోసెయ్యడం లేదు," అంది ఆమె నెమ్మదిగా. "లాక్కుంటున్నారు."

"ఎండలు ముదిరినప్పటి నుంచీ ఇదే భాగోతం," అన్నాడు బావ.

"నాకెవరూ చెప్పలేదేం?"

"చెబితే ఎవరిది వాళ్ళ దగ్గర బిగించేస్తావని భయం. దొంగతనానికి వీలుండదుగా."

బయట వెల్డరు గ్లాసు కింద పెట్టి లేస్తున్నాడు. ఆమె ఫ్రేముతోనే వీధిలోకి పరుగెత్తింది. "కొయ్యకు, కొయ్యకు."

వెల్డరు ఆమె మొహం మీద ఇనప సామాను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "కొయ్యమన్నారని టీ సగంలో వదిలేశానమ్మా," అన్నాడు నొచ్చుకుంటూ.

సమావేశం బజారులోనే పెట్టించింది, తొట్లన్నీ ఒకచోట చేర్చి, వాటి నీడలో. చైర్మన్ కుర్చీ దువ్వెన కింద వేశారు. ఆయన కూర్చున్న కాసేపటికే చెమట తుడుచుకునే చేతిరుమాలు జేబులో పెట్టేశాడు. ఏది కావాలని అడిగితే అందరిదీ ఒకే మాట: దువ్వెన. దాని కింద టైలరు సూదిలో దారం ఎక్కించగలడు. దాని ఆకు సన్నం, రాలినా మందుల షాపు మెట్ల మీద నిలవదు, గాలికే పోతుంది. బోర్డులు కనిపిస్తాయి.

"ఇంకేం," అన్నాడు చైర్మన్, పలకల పీడ వదిలినవాడిలా. "అన్నీ అవే వేసేద్దాం. వరస కూడా అందంగా ఉంటుంది."

ఆమె ఆ క్షణం సరే అంటే పని అయిపోతుంది. ఇచ్చిన మాట నిలబడుతుంది. పాత పేరు తిరిగొస్తుంది. కాని సుత్తి దెబ్బకు డప్పుల్లా మోగిన మానులు ఆమె చెవుల్లో ఇంకా ఉన్నాయి. మనుషులకు ఏం కావాలో కనుక్కోవడం సగం పనే. రెండో సగం వాళ్ళు థాంక్స్ చెప్పని సగం.

"అన్నీ ఒకటే రకం వెయ్యను," అంది. "పాత వరస కూడా అందంగానే ఉండేది. ఒకదాని జబ్బు అన్నిటికీ అంటింది. మూడు రకాలు కలిపి వేస్తాను. కొందరికే దువ్వెన వస్తుంది."

"కొందరంటే?" టైలరు లేచాడు. "నా ముందు దువ్వెన అయితేనే సరే. లేకపోతే నేను ఒప్పుకోను."

"అదేం? నేను మాత్రం ఒప్పుకుంటానా?" అన్నాడు మందుల షాపాయన.

చైర్మన్ చూపు బజారు చివర పలకల మీదికి పోయింది. అందరూ అది చూశారు. ఎవరూ వెనక్కి తగ్గలేదు.

అప్పుడు అక్క, తన గుమ్మం మెట్టు మీద నుంచే గొంతెత్తింది. "దువ్వెన టైలరుకే ఇవ్వండి. నా ముందు వద్దు."

బజారు నోరు తెరిచింది. పెరట్లో దాచుకున్న మనిషి ఈ మాట అంటుందని ఎవరూ అనుకోలేదు.

"త్యాగమేమీ కాదు," అంది అక్క. "కళ్ళ పరీక్షకి చెట్టు ముక్కు ముందుంటే ఏం లాభం? దూరంగా ఉండాలి. టైలరు షాపు నాకు సరిగ్గా ఎదురు. నా కుర్చీలోంచి చూస్తే కొలిచి పెట్టినట్టు ఉంటుంది. నా గుమ్మంలో ఏది వేస్తారో ఆయన్నే అడగండి. రోజంతా దాన్ని చూస్తూ కూర్చోవలసింది ఆయనే."

టైలరు ఇంకా నిలబడే ఉన్నాడు. ఆ దారిలో అతను ఎప్పుడూ ఆలోచించలేదు. తల ఎత్తి ఎదుటి గుమ్మాన్ని, దాని పైన నీలం కళ్ళద్దాలను, ఏళ్ళ తరబడి పని మధ్యలో చూస్తున్న ఆ చోటునే కొత్తగా చూశాడు. "పెళ్ళికూతురు," అన్నాడు తడుముకుంటూ. "పూలుంటే... కుట్టి కుట్టి కళ్ళు అలిసినప్పుడు..."

"పూలు నా మెట్ల మీద రాలుతాయి."

"నేనొచ్చి ఊడుస్తానమ్మా."

"అందరూ విన్నారుగా," అంది అక్క.

ఆ తరవాత పని దానంతట అదే నడిచింది. ఎవరి గుమ్మంలోది వాళ్ళకు నెత్తి మీద ఉంటుంది; ఎదుటి గుమ్మంలోదే కళ్ళ ముందు ఉంటుంది. ఈ సంగతి అంతవరకూ ఎవరికీ తట్టలేదు. ప్రతి షాపు ఎదుటి షాపుకు చెట్టు ఎంచింది. మందుల షాపాయన చెప్పుల షాపావిడకు గొడుగు ఎంచి, ఎందుకని అడిగితే, "మధ్యాహ్నం ఆవిడ మొహం మీద ఎండ పడుతుంటే చూడలేకపోతున్నా" అన్నాడు. అన్నాక చెవులు ఎర్రబడ్డాయి. చెప్పుల షాపావిడ పెట్టెలు సర్దుకోవడంలో మునిగిపోయింది. పెద్దమనిషిని మాత్రం ఎవరూ కోరలేదు. చైర్మనే ఆయన్ని కార్యాలయం ముందుకు తీసుకెళ్ళాడు.

చెట్టు ఇంకొకరి షాపు ముందు కావాలన్న మొదటి కోరికే ఇది అనుకుంది చెట్లమ్మ. మాటలో మార్పు లేదు. చూసే దిక్కు మాత్రం మారింది.

నాటిన రోజు పొద్దుటి నుంచీ మబ్బుగా ఉంది. వెల్డరు చివరికి ఖాళీ అయిన తొట్లకు చక్రాలు కోశాడు, ఒక్కో చక్రాన్నీ బాధగా పక్కన పెడుతూ. బావ రేకు కళ్ళద్దాలను గోడ నుంచి దించి, వీధి రెండు వైపులా కనిపించేటట్టు అడ్డంగా బిగించాడు. చెట్లమ్మ గుంత గుంతకూ తిరిగి, వేళ్ళ చుట్టూ మట్టిని మడమతో అదిమింది. ఆమె ముక్కు మీద కొత్త కళ్ళద్దాలు. ఎదురుగా పోస్టుమాను వస్తే, పోస్టుమానే అని పూర్తిగా తెలిసీ దణ్ణం పెట్టింది. ఆయన ఉబ్బిపోయాడు.

చివరి గుంత టైలరుది. మందుల షాపాయన కేకేశాడు. "చెట్లమ్మా, కాస్త ఇటు వంచండి. నాకూ కనపడాలి."

ఆమె వినీ విననట్టు చెట్టును నిటారుగానే నిలబెట్టింది. పేరు మాత్రం విన్నది.

మట్టి అదుముతుండగా మొదటి చినుకు పడింది, తరవాత ఇంకొకటి, ఆపైన ఎడతెగకుండా. అద్దాల మీద నీళ్ళు జారి దువ్వెన మళ్ళీ పచ్చటి మేఘమైపోయింది. ఆమె తుడుచుకోలేదు. అందులో ప్రతి ఆకూ విడిగా ఉందని ఇప్పుడు ఆమెకు తెలుసు.

"ఏమే," అక్క గుమ్మంలోంచి అరిచింది. "కొత్త అద్దాలే అవి. లోపలికి రా."

"వస్తున్నా," అంది ఆమె, ఇంకాసేపు అక్కడే ఉండి.